గుట్టబాటలు, వన్యప్రాణులు: జగిత్యాల ప్రాంత కొండల చరిత్రను చదవడం

పాఠం లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– గుట్టను, అడవిబాటను, వన్యప్రాణిని చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగించవచ్చో వివరించగలుగుతారు.
– జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాల కొండల మీదికి వేరువేరు కాలాల్లో ఎవరు, ఎందుకు వెళ్లారో చెప్పగలుగుతారు.
– వేటమైదానం అభయారణ్యంగా మారిన క్రమాన్ని, అందులో అడవి ప్రజల స్థానాన్ని చర్చించగలుగుతారు.
– మీ ఊరి గుట్ట మీద చిన్న క్షేత్ర పరిశీలన చేసి నివేదిక రాయగలుగుతారు.

1. పరిచయం

కొండల మీదికి విహారయాత్రకు వెళ్లడం ఇవాళ మనకు మామూలు విషయం. సెలవు దొరికితే కొండగట్టుకో, గోదావరి దాటి జన్నారం అడవికో పోతాం. కాలిబాట వెంట నడుస్తాం, పచ్చదనం చూస్తాం, నెమలి కనిపించినా దుప్పి కనిపించినా సంబరపడతాం. కొండ అంటే చూడముచ్చటైన చోటు, అడవిజంతువు అంటే దూరం నుంచి చూసి ఆనందించవలసిన ప్రాణి అన్న భావన మనకు సహజంగా తోస్తుంది.

ఈ భావనకు కూడా ఒక చరిత్ర ఉంది. వెయ్యేళ్ల కిందట ఇదే ప్రాంతంలో గుట్ట ఎక్కిన జైనముని విహారానికి ఎక్కలేదు. నూట ఇరవై ఏళ్ల కిందట అడవికి వచ్చిన దొర జంతువును చూసి వెనుదిరగడానికి రాలేదు. గుట్ట కిందనే పుట్టి, గుట్టమీదే మేకలు కాసుకున్న మనిషికి అది యాత్రాస్థలమే కాదు, బతుకుదెరువు. ఒకే కొండ ఇంతమందికి ఇన్ని రకాలుగా కనిపించింది. ఎవరు ఏ అవసరంతో ఎక్కారన్నదాన్ని బట్టి వారికి ఏమి కనిపించిందో, మనకు ఏమి మిగిల్చారో నిర్ణయమైంది. ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ముఖ్యాంశం ఇదే.

2. ప్రాంత స్వరూపం

ముందుగా నేలను గమనించండి. గోదావరికి దక్షిణాన ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతంలో కొండలు వరసలుగా తక్కువ. చదునైన పొలాల మధ్య, చెరువుల పక్కన, విడివిడిగా లేచి నిలిచిన గ్రానైట్ గుట్టలే ఎక్కువ. పెద్దపెద్ద గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఆ గుండ్ల సందుల్లోని గుహలు మునులకు నివాసాలయ్యాయి, ఎలుగుబంట్లకూ ముళ్లపందులకూ కూడా ఆశ్రయమిచ్చాయి. గోదావరికి ఉత్తరాన, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో, దృశ్యం మారిపోతుంది. అక్కడ కొండలు బారులు తీరి ఉంటాయి. టేకు, వెదురు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల అడవి వాటిని కప్పి ఉంటుంది.

అంటే దక్షిణపు గుట్ట ఒక దీవి వంటిది. చుట్టూ ఊళ్లూ పొలాలూ, మధ్యలో గుట్ట. ఉత్తరపు అడవి మాత్రం ఒకదానితో ఒకటి కలిసిపోయిన కొండల ప్రాంతం. ఈ తేడా గుర్తుంచుకుంటే తరవాతి చరిత్ర సులభంగా అర్థమవుతుంది. దక్షిణపు గుట్టల మీద మనకు ఎక్కువగా శాసనాలు, గుళ్లు, కోటలు దొరుకుతాయి. ఉత్తరపు కొండల చరిత్ర మాత్రం వేట, అటవీ చట్టాలు, ఆదివాసుల పోరాటాల ద్వారా ఎక్కువగా తెలుస్తుంది.

3. మునుల బాట

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల పేరు మీరు శాతవాహనుల పాఠంలో చదివే ఉంటారు. శాతవాహనుల నాణేలతోపాటు వారికంటే ముందు పాలించిన గోబద, సమగోప వంటి రాజుల నాణేలు కూడా అక్కడ దొరకడంతో ఆ స్థలం తెలంగాణ తొలి చరిత్రకు కీలకమైంది. కోటిలింగాలకు సమీపంలో ఒక చిన్న గుట్ట ఉంది. స్థానికులు దాన్ని మునులగుట్ట అంటారు. అక్కడి సహజమైన రాతి ఆశ్రయాల్లో జైనమునులు నివసించారని పరిశోధకులు గుర్తించారు. శాసనం చదవకముందే గుట్టపేరు మనకు ఆధారం ఇస్తున్నదని గమనించండి. రాజవంశాలు మారినా, మతాలు మారినా, జనం నోట ఆ పేరు నిలిచి ఉంది.

ఇంతకంటే స్పష్టమైన ఆధారం కరీంనగర్ నుంచి జగిత్యాల వైపు వచ్చే దారికి సమీపంలో, గంగాధర మండలం కురిక్యాలలో ఉంది. అక్కడి గుట్టను ప్రజలు బొమ్మలమ్మ గుట్ట లేదా బొమ్మలగుట్ట అంటారు. గుట్టమీద నిలువురాతిపై జైన యక్షిణి చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాలు చెక్కి ఉన్నాయి. వాటితోపాటు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలో ఒక శాసనం ఉంది. కాలం సుమారు క్రీ.శ. 945. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవిగా పేరుపొందిన పంపనికి ఇతడు తమ్ముడు. వారి పూర్వికులు వేంగినాడుకు చెందినవారు. పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానకవి. ఆ చాళుక్యుల రాజధాని వేములవాడ ఇవాళ రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది.

ఈ శాసనంలోని తెలుగు భాగంలో మూడు కందపద్యాలున్నాయి. నన్నయ భారతానికి సుమారు ఒక శతాబ్దం ముందే తెలుగులో కందం పరిణతి పొందిందని చెప్పడానికి ఇవి బలమైన సాక్ష్యం. అందుకే సాహిత్య చరిత్రకారులు ఈ గుట్టకు పెద్దపీట వేస్తారు. మన పాఠానికి మాత్రం శాసనంలోని మరొక విషయం ముఖ్యం. జినవల్లభుడు ఈ కొండను వృషభాచలమని పేర్కొన్నాడు. వృషభనాథుడు మొదటి తీర్థంకరుడు. కొండమీద జినబింబాలు చెక్కించడమే కాక త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే తటాకాన్ని, మదనవిలాసమనే ఉద్యానవనాన్ని నిర్మించినట్లు చెప్పాడు. కవితాగుణార్ణవుడన్నది అన్న పంపని బిరుదు. అంటే తమ్ముడు అన్నపేరిట చెరువు తవ్వించాడన్నమాట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక బోడిగుట్ట, దానిమీద శిల్పాలు, బసది, కింద చెరువు, పక్కన తోట. పదో శతాబ్దిలో ఒక వ్యక్తి కొండ పరిసరాన్ని మొత్తంగా తీర్చిదిద్దాడు. అక్కడికి వచ్చేవారు కొండ ఎక్కుతారని, నీళ్లు తాగుతారని, నీడన కూర్చుంటారని ఊహించి ఏర్పాటు చేశాడు. విహారం అనే మాటను జైనబౌద్ధ సంప్రదాయాలు మునుల సంచారానికీ నివాసానికీ వాడేవి. అదే మాటను ఇవాళ మనం విహారయాత్ర అని వాడుతున్నాం. మాట అదే, నడిచేవారి ఉద్దేశం మారింది.

తరవాత ఈ ప్రాంతంలో జైనం క్షీణించింది. శాసనం చదవగలిగినవారు లేకుండాపోయారు. అయినా గుట్ట మరుగున పడలేదు. రాతిమీది చక్రేశ్వరి గ్రామస్థులకు బొమ్మలమ్మ తల్లి అయింది. పండితుడి చరిత్ర తెగినచోట పల్లె ప్రజల భక్తి ఆ శిల్పాలను కాపాడింది. పశువుల కాపరులూ గ్రామస్థులూ ఆ బాటను నడుస్తూ ఉండకపోతే ఆధునిక పరిశోధకుడికి అక్కడికి దారి చూపేవారే ఉండేవారు కాదు.

4. భక్తుల బాట

మల్యాల మండలంలోని కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం ఈ జిల్లా ప్రజలకు బాగా తెలిసిన కొండ. హనుమాన్ జయంతికి దీక్షాపరులు వేలాదిగా కాలినడకన వస్తారు. ఇప్పుడు ఘాట్‌రోడ్డు మీద వాహనాలు పైదాకా పోతాయి. అయినా మెట్లదారిన ఎక్కేవారు నేటికీ ఉన్నారు.

మెట్లబాటనూ ఘాట్‌రోడ్డునూ చరిత్ర విద్యార్థిగా పోల్చి చూడండి. మెట్లబాటలో నడిచే మనిషికి రాయి, చెట్టు, కోతి, గాలి అన్నీ అనుభవంలోకి వస్తాయి. మధ్యలో ఆగే చోట్లకు కథలుంటాయి. ఏ బండను ఎవరు మొక్కుతారో, ఏ చెట్టుకింద ఎవరు సేదతీరతారో పక్కవాళ్లు చెబుతుంటారు. రోడ్డు వచ్చాక ప్రయాణం తేలికైంది. నడవలేని ముసలివాళ్లు సైతం స్వామిని దర్శించగలుగుతున్నారు. కాని మధ్యనున్న చోట్ల పేర్లు వాడుకలోంచి పోవడం మొదలైంది. దారి మారినప్పుడు జ్ఞాపకం కూడా కొంత మారుతుంది.

కొండగట్టులో మీకు తప్పకుండా కనిపించే వన్యప్రాణి కోతి. ఆంజనేయుడి కొండమీద కోతిని తరమడానికి మనసొప్పదు. భక్తులు అరటిపండ్లూ కొబ్బరిచిప్పలూ ఇస్తారు. అడవిలో కాయలు ఏరుకు తినే జంతువు మనిషి చేతికోసం ఎదురుచూడటం నేర్చుకుంది. మరోవైపు చుట్టుపక్కల రైతులు అదే కోతుల వల్ల పంటలు నష్టపోతున్నామంటారు. ఒకే జంతువు గుడి దగ్గర పూజ్యం, చేను దగ్గర చీడ. వన్యప్రాణుల పట్ల మనుషుల వైఖరి ఎప్పుడూ ఒకటిగా లేదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

కొండగట్టు మీద నిలబడి కిందికి చూస్తే వరిపొలాలు, మామిడితోటలు కనిపిస్తాయి. ఈ పచ్చదనమంతా ప్రాచీనమైనదని అనుకోకండి. 1963లో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అంటే నేటి శ్రీరాంసాగర్, నీరిచ్చిన తరవాత కాకతీయ కాలువ కింద మెట్టభూములు మాగాణులయ్యాయి. రైతుకు అన్నం దొరికింది. అదే సమయంలో గుట్టల మధ్య ఉండిన పొదల పోరంబోకులు తగ్గాయి. ఒక గుట్టనుంచి మరో గుట్టకు జంతువులు పోయే దారులు తెగాయి. మనం కొండమీదినుంచి చూసి మెచ్చుకునే దృశ్యం కూడా చరిత్రలో ఒకనాడు తయారైనదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(1) కురిక్యాల శాసనం ఏయే భాషలలో ఉంది? దాన్ని వేయించినదెవరు?
(2) జినవల్లభుడు నిర్మించిన తటాకం, ఉద్యానవనం పేర్లు ఏవి?

5. కోట, వేట

మధ్యయుగంలో గుట్టకు మరో ఉపయోగం ఏర్పడింది. మానేరు ఒడ్డున గుట్టమీద నిలిచిన ఎలగందుల కోట దీనికి ఉదాహరణ. ఎత్తునుంచి చుట్టుపక్కల దారులను గమనించవచ్చు, శత్రువును ఆపవచ్చు. 1905 వరకు ఈ ప్రాంతపు జిల్లాకు ఎలగందుల పేరే ఉండేది. ఆ తరవాత జిల్లాకేంద్రం కరీంనగర్‌కు మారింది. దీనికి భిన్నంగా జగిత్యాల కోటను 18వ శతాబ్ది మధ్యలో నేలమీద నక్షత్రాకారంలో, చుట్టూ కందకంతో కట్టారు. ఫిరంగుల కాలం వచ్చాక ఎత్తు ఒక్కటే రక్షణ కాదని ఆ కోట చెబుతుంది. కోటకు కొండ అవసరం తగ్గిపోయింది.

కాని అడవి మీద పాలకుల ఆసక్తి తగ్గలేదు. హైదరాబాద్ రాజ్యంలో వేట ప్రభువుల వినోదం, హోదాకు గుర్తు, రాజకీయ మర్యాద కూడా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ (1869–1911) వేటగాడిగా పేరుపొందాడు. దేశం నలుమూలల నుంచి, ఐరోపా నుంచి వచ్చే అతిథులకు పులివేట ఏర్పాటుచేయడం దర్బారు ఆతిథ్యంలో భాగం. రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రశాల ఆ వేటశిబిరాల ఫొటోలను మనకు మిగిల్చింది. వైస్రాయి కర్జన్, ఆయన భార్య 1902లో హైదరాబాద్ రాజ్యంలో వేటాడిన పులి పక్కన నిలబడి దిగిన ఫొటో వాటిలో ప్రసిద్ధమైనది.

అటువంటి ఫొటోను చారిత్రక ఆధారంగా ఎలా చదవాలి? ఫొటోలో ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న. ఎవరు లేరన్నది రెండో ప్రశ్న. పులి ఎక్కడుందో జాడ తీసినవారు, ఎర కట్టినవారు, మంచె కట్టినవారు, డప్పులు కొడుతూ పొదలు తడుముతూ పులిని తుపాకి ముందుకు తోలినవారు ఫొటోలో కనిపించరు, కనిపించినా పేరు ఉండదు. అందరికంటే ముందు ప్రమాదానికి ఎదురుపోయింది వారే. తెలంగాణ పల్లెల్లో అధికారులూ దొరలూ వేటకు వస్తే ఈ పనులు వెట్టి కింద చేయవలసి వచ్చేది. కూలి లేదు, కాదనే హక్కు లేదు. వెట్టిచాకిరి రద్దు కావాలని గొంతెత్తిన ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం 1935లో సిరిసిల్లలోనే జరిగింది. మాడపాటి హనుమంతరావు దానికి అధ్యక్షత వహించారు. మీరు చదివిన వెట్టి వ్యతిరేక ఉద్యమ చరిత్రకూ ఈ వేట చరిత్రకూ సంబంధం ఉందని దీన్నిబట్టి గ్రహించండి.

జంతువు జాడ తెలియడం గొప్ప విద్య. ఎండిన ఆకుమీద అడుగు, చెట్టుమానుమీద గోటిగీరు, కోతి అరుపులో మార్పు, గాలివాటం వంటివన్నీ చదవగలిగినవాడే పులిని చూపగలడు. ఆ విద్య గుట్టకిందివాళ్లది. కీర్తి మాత్రం తుపాకి పట్టినవాడికి దక్కింది.

6. పరిశీలకుల బాట

20వ శతాబ్ది ప్రథమార్ధంలో మరో రకం యాత్రికుడు కొండలకు వచ్చాడు. అతని చేతిలో నోటుపుస్తకం ఉంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931–32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాద్ రాజ్య పక్షి సర్వే నిర్వహించాడు. రాజ్యంలోని భిన్న ప్రాంతాలలో శిబిరాలు వేసి, ఏ పక్షి ఎక్కడ, ఏ కాలంలో ఉందో నమోదుచేశాడు. ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఆ కాలపు పద్ధతి ప్రకారం పక్షులను కాల్చి నమూనాలుగా భద్రపరచేవారు. చూడటం, చంపడం అప్పటికి పూర్తిగా విడిపోలేదు. అయినా ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. జంతువు విలువ దాని తోలులోనో కొమ్ములోనో కాక, దాన్ని గురించి తెలుసుకోవడంలో ఉందన్న దృష్టి బలపడింది.

ఇదే కాలంలో గోదావరికి ఉత్తరాన ఉన్న కొండలలో వేరొక సమస్య ముదురుతున్నది. 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి నిజాం ప్రభుత్వం అడవులకు హద్దులు గీసి రిజర్వు చేయసాగింది. టేకు కలప ఆదాయం అందుకు ముఖ్యకారణం. గోండులు, కొలాములు తరతరాలుగా దున్నుకున్న పోడుభూములు, పశువులు మేపిన బీళ్లు గీతకు లోపల పడ్డాయి. నిన్నటి బాట ఇవాళ నేరమయింది. కట్టె కొట్టినా, పశువును తోలినా జరిమానా. ఈ అణచివేతకు ఎదురునిలిచిన కుమురం భీం 1940లో జోడేఘాట్ కొండల్లో పోరాడి అమరుడయ్యాడు. నీరు, అడవి, భూమి మీద హక్కు అన్న నినాదం ఆయన పేరుతో ముడిపడి నేటికీ వినిపిస్తున్నది.

ఆ తిరుగుబాటు తరవాత పరిస్థితులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్‌ను నియోగించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గ్రామంలో గోండుల మధ్య నివసించారు. గోండు పిల్లలకు చదువుచెప్పే ఉపాధ్యాయులను తయారుచేసే కేంద్రం 1943లో అక్కడ మొదలైంది. ఆయన నివేదికలు ఆదివాసుల భూమిసమస్యను ప్రభుత్వం ముందు స్పష్టంగా ఉంచాయి. దంపతుల సమాధులు ఇవాళ మార్లవాయిలోనే ఉన్నాయి. కొండల్లో జంతువులనూ చెట్లనూ చూసివచ్చిన యాత్రికులు చాలామంది ఉన్నారు. అక్కడి మనుషుల మాట విని రాసినవారు తక్కువ. హైమెండార్ఫ్ పని విలువ అందులో ఉంది.

7. వేటమైదానం నుంచి అభయారణ్యం దాకా

స్వాతంత్ర్యం తరవాత వన్యప్రాణులు వేగంగా తగ్గిపోవడం అందరూ గుర్తించారు. జన్నారం చుట్టూ ఉన్న కవ్వాల్ అడవిని 1965లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట మీద కట్టుదిట్టమైన ఆంక్షలు విధించింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభమైంది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. దీని కేంద్రప్రాంతం సుమారు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఉన్న రక్షణవలయం 1,120 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి పులులు రావడానికి ఉన్న అటవీమార్గాలు దీని భవిష్యత్తుకు ప్రాణాధారం.

జగిత్యాల నుంచి గోదావరి దాటితే జన్నారం ఎక్కువ దూరం కాదు. అటవీశాఖ అనుమతించిన దారుల్లో వాహనాలమీద అడవిలోకి పోవచ్చు. అక్కడ చుక్కల దుప్పులు, కణుతులు, మనుబోతులు, అడవిదున్నలు, రేచుకుక్కలు, ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. పులి కనిపించడం అరుదు. ఎండాకాలంలో ఇప్పపూలు రాలే వేళ ఎలుగుబంటి వాటికోసం వస్తుంది. అదే పూలను ఏరుకునేందుకు గోండు స్త్రీలు తెల్లవారకముందే బుట్టలతో వస్తారు. ఒకే చెట్టుకింద ఇద్దరి ఆహారం రాలుతుంది. అడవి అంటే జంతువుల చోటు మాత్రమే అనుకునేవారికి ఈ ఒక్క చెట్టు చాలు, సంగతి అర్థం కావడానికి.

జంతువులను కాపాడాలంటే వాటికి అలజడి లేని చోటు కావాలి. ఈ వాదనలో నిజముంది. దాని ప్రకారమే కేంద్రప్రాంతంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలవారిని ఇటీవలి సంవత్సరాలలో బయటికి తరలించి ఇళ్లూ భూమీ ఇచ్చారు. రోడ్డు, బడి, ఆసుపత్రి దగ్గరవుతాయని వెళ్లడానికి ఒప్పుకునేవారు ఉంటారు. తాతల సమాధులు, దేవతల తావులు వదిలిపోవడం బాధే అనేవారూ ఉంటారు. 2006 అటవీహక్కుల చట్టం అడవిలో తరతరాలుగా ఉంటున్నవారి హక్కులను గుర్తించింది. వన్యప్రాణుల కోసం వారిని కదిలించాలంటే గ్రామసభ సమ్మతి ఉండాలని చెప్పింది. నిజాం కాలపు అటవీహద్దుకూ నేటి చట్టానికీ మధ్య ఉన్న పెద్ద తేడా ఇది. కాగితం మీది తేడా నేలమీద ఎంత అమలవుతున్నదో పరిశీలించడం మీ వంటి విద్యార్థులు చేయదగిన పని.

8. గుట్టే లేకపోతే?

ఇప్పుడు మళ్లీ గోదావరికి దక్షిణానికి వద్దాం. ఇక్కడి గుట్టలకు వచ్చిన ముప్పు వేరు. కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్‌కు విదేశాలలో గిరాకీ ఏర్పడింది. గోధుమవన్నె రాయికి ప్రపంచ విపణిలో ప్రత్యేకమైన వ్యాపారనామమే ఉంది. కొన్ని దశాబ్దాలుగా గంగాధర పరిసరాలతో సహా అనేక చోట్ల గుట్టలను కోసి దిమ్మెలుగా తరలిస్తున్నారు. ఎందరికో పని దొరికింది, ప్రభుత్వానికి ఆదాయం వచ్చింది. కాని గుట్ట చెట్టు వంటిది కాదు. నరికినచోట మళ్లీ మొలవదు.

గుట్ట పోతే ఏం పోతుందో ఇంతదాకా చదివిన విషయాలను బట్టి మీరే లెక్కవేయగలరు. గుహలో ఉన్న ఎలుగుబంటి, చిరుత నిలువనీడ లేక చేలమీదికి, ఊళ్లమీదికి వస్తాయి. అప్పుడు అది వన్యప్రాణి కాదు, ఊరికి ముప్పు అవుతుంది. గుట్టమీద కురిసి చెరువులోకి దిగే వాన దారి మారుతుంది. మేకల కాపరి బాట అంతమవుతుంది. రాతిమీద ఏదైనా అక్షరం ఉంటే అది చదవకముందే పొడి అవుతుంది. జినవల్లభుడు కాగితం మీదనో తాటాకు మీదనో రాసి ఉంటే ఆ మూడు కందాలు మనకు దక్కేవా అన్నది అనుమానమే. గుట్ట నిలిచి ఉంది కనుక వెయ్యేళ్ల తరవాత కూడా వాటిని చదవగలిగాం. శిల్పం ఉన్న ఒక్క బండను కాపాడి చుట్టూ ఉన్న కొండను వదిలేస్తే సరిపోదని ఆ శాసనమే చెబుతున్నది. శాసనకర్త కొండ, చెరువు, తోట మూడింటినీ ఒకటిగా చూశాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(1) వేటశిబిరపు ఫొటోలను చదివేటప్పుడు వేయవలసిన రెండు ప్రశ్నలు ఏవి?
(2) కవ్వాల్ అభయారణ్యంగా, పులుల అభయారణ్యంగా ఏయే సంవత్సరాలలో ప్రకటితమైంది?

9. మీ క్షేత్ర పరిశీలన

మీలో చాలామంది ఉద్యోగమో వ్యవసాయమో బీడీలపనో మగ్గమో చూసుకుంటూ చదువుతున్నవారు. దూరప్రాంతాలకు వెళ్లనవసరం లేదు. మీ ఊరికి దగ్గరగా ఉన్న గుట్టను ఎంచుకోండి. ఈ కింది విషయాలు గమనించి రాయండి.

మొదట పేర్లు సేకరించండి. గుట్టకు, దాని మీది బండలకు, మడుగులకు, బాటలకు ఊరివాళ్లు ఏమని పేరు పెట్టారు? పశువులు కాసినవారిని, ముసలమ్మలను అడగండి. పేరు వెనక కథను వారు చెప్పినట్టే రాసుకోండి, మీ అభిప్రాయం వేరుగా రాయండి.

రెండోది బాట. అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుంది? గుడికా, కుంటకా, పక్క ఊరికా? ఎవరు ఎప్పుడు నడిచేవారు, ఇప్పుడు ఎవరు నడుస్తున్నారు? మెట్లు చెక్కి ఉంటే వాటి అరుగుదల చూడండి.

మూడోది జంతువులు. పొద్దున, సాయంత్రం గుట్ట దూరంగా కూర్చుని గమనించండి. నెమలి అరుపు, అడుగుజాడలు, పెంటికలు, తవ్విన మట్టి, రాలిన ఈకలు కూడా ఆధారాలే. ఇరవై, నలభై ఏళ్ల కిందట ఏ జంతువులు ఉండేవో పెద్దలను అడిగి, ఇప్పటితో పోల్చండి. ఏది ఎప్పుడు కనబడకుండాపోయిందో తెలిస్తే, ఆ సమయంలో ఊళ్లో ఏం మారిందో కూడా అడగండి. కాలువ వచ్చిందా, రోడ్డు పడిందా, క్వారీ తెరిచారా?

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. ఒంటరిగా, చీకటిపడ్డాక ఎక్కవద్దు. గుహల్లోకి దూరవద్దు. ఎలుగుబంటి ఎదురుగా వచ్చి తగిలితే ప్రాణాంతకం. కోతులకు తిండి పెట్టవద్దు. శాసనం కనిపిస్తే అక్షరాల మీద సున్నం, సుద్ద, నూనె పూయవద్దు. పక్కవెలుతురు పడే పొద్దువేళ ఫొటో తీసి పురావస్తుశాఖకు తెలియజేయండి.

10. సారాంశం

కొండలకు యాత్ర చేయడం, అడవిజంతువులను చూడటం అన్న అలవాటు ఈ ప్రాంతంలో అనేక దశలు దాటి వచ్చింది. మునికి కొండ తపోభూమి. జినవల్లభునికి పుణ్యక్షేత్రం, తోట. భక్తునికి మొక్కు తీర్చుకునే తావు. పాలకునికి కోట, వేటమైదానం. శాస్త్రవేత్తకు పరిశోధనశాల. ప్రభుత్వానికి మొదట కలప ఆదాయం, తరవాత అభయారణ్యం. వ్యాపారికి రాయి. ఈ అందరికీ దారిచూపిన కాపరి, గోండు, వెట్టిమనిషి మాత్రం రికార్డులలో తక్కువగా కనిపిస్తారు. ఆ లోటును క్షేత్ర పరిశీలన ద్వారా, మౌఖిక చరిత్ర ద్వారా కొంతైనా పూరించవచ్చు. ఈసారి గుట్ట ఎక్కినప్పుడు జంతువు కోసం చూసే కళ్లతోనే కాళ్లకింది బాటను కూడా చూడండి. దాన్ని ఎవరు వేశారో అడగడంతో మీ చరిత్ర అధ్యయనం మొదలవుతుంది.

ప్రగతి పరిశీలన సమాధానాలు

1. (1) సంస్కృతం, కన్నడం, తెలుగు, జినవల్లభుడు. (2) కవితాగుణార్ణవం, మదనవిలాసం.
2. (1) ఫొటోలో ఎవరున్నారు? ఎవరు లేరు? (2) 1965, 2012.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట చారిత్రక ప్రాధాన్యాన్ని వివరించండి.
2. హైదరాబాద్ రాజ్యంలో వేట, వెట్టి, అటవీ హద్దుల మధ్య సంబంధాన్ని చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెట్లబాట, ఘాట్‌రోడ్డు యాత్రానుభవాన్ని ఎలా మార్చాయి?
2. గ్రానైట్ తవ్వకం వల్ల గుట్టల చరిత్రకూ వన్యప్రాణులకూ కలిగే నష్టం ఏమిటి?
3. వన్యప్రాణి సంరక్షణ, ఆదివాసుల హక్కులు పరస్పరం విరుద్ధమైనవా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.